గూళ్ళ మేస్త్రి ఉద్యోగం

ఊటవాగు మలుపు తిరిగే చోట లోతైన మడుగు ఒకటుంది. ఆ మడుగు మీదికి బాగా వంగి ఒక తుమ్మచెట్టు ఉంది. పైన ముళ్ళు, కింద నీళ్ళు. పాము ఎక్కలేదు, పిల్లి దూకలేదు. పిల్లల్ని పెంచుకోవాలనుకునే ఏ పిట్టయినా ఆ చెట్టు వైపు ఒకసారి చూసి ఊరుకోలేదు.

ఆ చెట్టు మొదట్లో జంబయ్య అనే నక్క కూర్చుని ఉండేవాడు. కూర్చోవడమే ఆయన పని. అయిదారేళ్ళుగా అక్కడే కూర్చోవడం వల్ల చెట్టు ఆయనదేనని అందరూ అనుకునేవారు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఈ లోకంలో చాలా ఆస్తులు ఇలాగే ఏర్పడ్డాయని నా అనుమానం.

ఆ వేసవిలో ఊళ్ళోంచి పిచ్చుకల గుంపు వాగు దగ్గరికి వచ్చింది. పెంకుటిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాక వాటికి చూరు దొరకడం లేదు. పిచ్చుకల పెద్ద చింతాలమ్మ జంబయ్యను కలిసింది.

"మావి పద్నాలుగు కాపురాలు. ఆరుద్ర వానల్లోగా గూళ్ళు కావాలి. ఇప్పించగలవా అన్నా?"

"దానికేం భాగ్యం తల్లీ! తుమ్మ మీద వేలాడే గూళ్ళు ఇస్తాను. దానికి బదులు రోజూ వాగు వెంట ఎగిరి, పీతలు ఎక్కడ బయటపడ్డాయో నాకు చెప్పాలి. అంతే."

నక్కకి పీతలంటే ప్రాణం. కానీ గూడు కట్టడం మాట దేవుడెరుగు, గూడు ఏ వైపునుంచి మొదలవుతుందో కూడా ఆయనకు తెలియదు. కాకి ఏకాంబరాన్ని పిలిచాడు.

"గూళ్ళ మేస్త్రి ఉద్యోగం ఖాళీగా ఉందని గిజిగాళ్ళందరికీ చాటించు. జీతం కింద చిటారుకొమ్మ మీద శాశ్వత నివాసం."

"ఎంతమందిని తీసుకుందామండీ?"

"తీసుకోవడం సంగతి తర్వాత. ముందు పరీక్షలు పెడదాం," అని జంబయ్య మీసాలు నాక్కున్నాడు.

వాగుకి ఇవతల వెదురు గుబురులో పీచయ్య అనే గిజిగాడు, అతని భార్య గరికమ్మ తలదాచుకుంటున్నారు. వాళ్ళు ఏటా గూడు కట్టుకునే ఈతచెట్టును ఎవరో కొట్టేసుకుపోయారు. మృగశిర వచ్చేసింది. గరికమ్మకు గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. జడివాన పట్టేలోగా గూడు కావాలి, గూటికి కొమ్మ కావాలి. చాటింపు విన్నాక పీచయ్య ఈకలు సర్దుకుని, ముక్కు రెండుసార్లు వెదురుకి రుద్దుకుని బయలుదేరాడు.

మొదటి రౌండు కాకిది. ఏకాంబరం ఒక మోడు మీద కూర్చుని, అభ్యర్థిని నేల మీద నిలబెట్టాడు.

"మీ గురించి చెప్పండి."

"గూళ్ళు అల్లుతానండి."

"అది కాదు. మీ గురించి."

పీచయ్య ఆలోచించాడు. గూళ్ళు అల్లడం తీసేస్తే తన గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. "గడ్డిగింజలు తింటానండి," అన్నాడు.

"ఈ తుమ్మచెట్టు మీద పదేళ్ళ అనుభవం కావాలి. ఉందా?"

"ఈ చెట్టు మొలిచి ఆరేళ్ళే అయిందండి."

"అంటే లేదన్నమాట. అయిదు వానాకాలాల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"బతికుంటే ఏదో ఒక కొమ్మ మీదండి."

"మీలో ఉన్న లోపం?"

"పనిలో ఉన్నప్పుడు మాట్లాడలేనండి. నోట్లో గడ్డి ఉంటుంది."

ఏకాంబరం తల ఒక పక్కకి వంచి చూశాడు. "సరే. తర్వాత చెబుతాం," అన్నాడు.

వెదురు గుబురు దగ్గర గరికమ్మ ఎదురుచూస్తోంది. "ఏమన్నారయ్యా?"

"చెబుతామన్నారు."

"ఎప్పుడు?"

"అది కూడా చెబుతామన్నారు."

"బాగుంది! ఈలోగా జడివాన దిగితే గుడ్లు ఎక్కడ పెట్టమంటావు, నీ ముక్కులోనా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మూడో రోజున కబురొచ్చింది. రెండో రౌండులో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. ఒకరు తాబేలు నిదానయ్య. రెండోవారు కోయిల లలితాంబ. ఆవిడను గూళ్ళ నిపుణురాలని పరిచయం చేశారు. ముప్ఫై నలభై గూళ్ళు లోపలికి వెళ్ళి మరీ చూసిందట. కోయిల ఏనాడూ గూడు కట్టదని, కాకి గూట్లో గుడ్డు పెట్టేసి పోతుందని మీకూ నాకూ తెలుసు. పక్కనే కూర్చున్న ఏకాంబరానికి మాత్రం ఇంకా తెలియదు. పోనీలెండి, సంసారాలున్నవాళ్ళు.

"ఏమయ్యా," అంది లలితాంబ గొంతు సవరించుకుని. "ఒక గూట్లో చీమ, ఏనుగు కలిసి ఉండాలి. గుమ్మం ఎంత వెడల్పు పెడతావు?"

"ఏనుగు గూట్లో ఎందుకుంటుందమ్మా?"

"అడిగింది చెప్పు. నువ్వెలా ఆలోచిస్తావో మేం చూడాలి."

"ఏనుగు వస్తే నేను ఎగిరిపోవాలనే ఆలోచిస్తానమ్మా."

లలితాంబ ముఖం చిట్లించుకుంది. అప్పుడు నిదానయ్య మెడ బయటికి చాపాడు. ఆ చాపడం పూర్తయ్యేసరికి చెట్టు నీడ ఒక జానెడు జరిగింది.

"నువ్వు కట్టే ఇల్లు... వీపు మీద మోసుకుపోవడానికి వీలుగా ఉంటుందా?"

"కొమ్మకి వేలాడుతుందండీ. మోయక్కర్లేదు."

"మోయలేనిది ఇల్లెలా అవుతుంది?" అని నిదానయ్య బాధగా మెడ లోపలికి లాక్కున్నాడు.

పీచయ్యకి ఇక ఉండబట్టలేదు. "అయ్యా, ఒక్క మాట. మా పనికి ఒక పద్ధతుందండి. మేం ముందు సగం కట్టి..."

"అడిగినదానికే సమాధానం చెప్పాలి," అంది లలితాంబ. "తర్వాత చెబుతాం. వెళ్ళిరా."

మూడో రౌండు జంబయ్యదే. ఆయన పీచయ్యను చూడగానే లేచి నిలబడ్డాడు. అంత మర్యాద ఆ వాగు దగ్గర ఎవరికీ దొరకలేదు.

"నాయనా, పాపం వాళ్ళు నీ విలువ గుర్తించలేదు. నేను గుర్తించాను. ఇంక మిగిలింది ఒక్క శాంపిల్. ఆ దక్షిణం కొమ్మకి ఒక గూడు అల్లి చూపించు. అన్నట్టు, ఇక్కడి రెల్లు ముట్టుకోకు, అది ఉద్యోగంలో చేరినవాళ్ళకే. గడ్డి నువ్వే తెచ్చుకోవాలి."

వాగు అవతల చెరకుతోట ఉంది. పీచయ్య అక్కడికి పోయి, చెరకాకు అంచును ముక్కుతో గాటు పెట్టి, ఆ కొసను పట్టుకుని ఎగిరేవాడు. ఆకు నిలువునా చీలి సన్నటి నారలా వచ్చేది. ఒక్కో నార కోసం ఒక్కో పయనం. పోగా రాగా, పోగా రాగా ఒళ్ళు హూనమైంది. అయినా కొమ్మకి మొదటి ముడి పడగానే అతని మనసు కుదుటపడింది. పనిలో ఉన్నంతసేపు నక్కా కాకీ ఏవీ గుర్తు రాలేదు. ముడి మీద ముడి వేసి ముందు ఒక కట్టు అల్లాడు. దాని మీద బోర్లించిన టోపీలా కప్పు అల్లాడు. అంతవరకు వచ్చి ఆగిపోయాడు.

గిజిగాళ్ళ పద్ధతి అది. మగపిట్ట గూడు సగమే కడుతుంది. అడుగున అడ్డంగా ఒక పట్టె, దానికి అటొక కంత, ఇటొక కంత. అప్పుడు ఆడపిట్ట వచ్చి ఆ పట్టె మీద కూర్చుంటుంది. ఊగి చూస్తుంది, ముడులు పీకి చూస్తుంది. నచ్చితే సరే అంటుంది, లేకపోతే ఎగిరిపోతుంది. సరే అంటేనే ఒక వైపు కంత మూసి గుడ్లకి గుంట చేయడం, రెండో వైపు కిందికి పొడుగ్గా గొట్టంలాంటి దారి అల్లడం. ఆవిడ ఒప్పుకోకుండా ఆ రెండో సగం ముట్టుకున్న గిజిగాడు ఇంతవరకు పుట్టలేదు.

జంబయ్య కింద నిలబడి పైకి చూశాడు. "రెండు కంతలెందుకున్నాయి?"

పీచయ్య నోరు తెరిచేలోగా, పక్కనే ఉన్న లలితాంబ అందుకుంది. "ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి. గాలీ వెలుతురూ బాగా ఆడతాయి. మంచి గూడే."

"అయ్యా, ఇది ఇంకా..."

"నీ పని నేను చూశాను కదా నాయనా, మాటలెందుకు?" అన్నాడు జంబయ్య. "ఇదే గూడు సన్నకొమ్మ మీద ఎలా వస్తుందో చూడాలి. రేపు ఇంకొకటి అల్లు. అదే ఆఖరిది."

సన్నకొమ్మ మీది గూడయ్యాక, గాలి తగిలే కొమ్మ మీద మరొకటి అన్నాడు. అది ఆఖరిదానికి ఆఖరిది. పీచయ్య రోజూ మెడ వాలేసుకుని వెదురు గుబురుకి తిరిగొచ్చేవాడు. గరికమ్మ అడగడం మానేసింది. ఆవిడ అడగకపోవడమే అతనికి ఎక్కువ కష్టంగా ఉండేది.

మూడో గూడు ముగిసే రోజున, నాలుగు నారలు తక్కువై, పీచయ్య చెరకుతోటకి వెళ్ళాడు. అక్కడ మరో ఆరుగురు గిజిగాళ్ళు ఆకులు చీలుస్తున్నారు. ముక్కులో ఆకు ఉంటే మాట పెగలదు. అందుకే ఇన్నాళ్ళూ ఒకరినొకరు చూసుకుని తలలూపి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆ రోజు తాటయ్య అనే గిజిగాడు ఆకు కింద పడేసి గట్టిగా నిట్టూర్చాడు.

"ఇదే నాకు ఆఖరి రౌండు."

పీచయ్యా ఆకు వదిలేశాడు. "నాకూ ఆఖరి రౌండే!"

ఒక్కొక్కరే ఆకులు వదిలేశారు. ఏడుగురికీ అదే ఆఖరి రౌండు. ఏడుగురూ తలా మూడు శాంపిళ్ళు అల్లారు. జంబయ్య ఒక్కొక్కరినీ ఒక్కో పూట, ఒక్కో కొమ్మకి పంపాడు. తుమ్మ మీద వేరే గూళ్ళు కనబడితే, పాత మేస్త్రులవని చెప్పాడు.

"రేపు పొద్దున్న మన గూళ్ళలోకి పిచ్చుకలు దిగుతున్నాయట. ఏకాంబరం అందరికీ చెప్పుకుంటున్నాడు," అన్నాడు తాటయ్య. "ఉద్యోగమూ లేదు, దాని బొందా లేదు. మనచేత ఊరికే కట్టించుకున్నాడు. పదండి, అన్నీ పీకి మడుగులో పారేద్దాం!"

పీచయ్యకి కోపం కన్నా సిగ్గు ఎక్కువగా వేసింది. ఇంటిదాన్ని వెదురు గుబురులో కూర్చోబెట్టి, తను వెళ్ళి నక్క ముందు చేతులు కట్టుకున్నాడు. అయినా అల్లినదాన్ని తన ముక్కుతోనే పీకడానికి మనసొప్పలేదు.

"పీకొద్దు తాటయ్యా. అవి సగం గూళ్ళని వాళ్ళకి తెలియదు. పిచ్చుకలు పిల్లలు గలవాళ్ళు, గుడ్లు నీళ్ళపాలవుతాయి. చెప్పి వస్తానుండు."

నేరుగా జంబయ్య దగ్గరికి వెళ్ళాడు.

"ఫలితం ఎప్పుడని అడగడానికి ఎవరూ రాకూడదు," అన్నాడు జంబయ్య కళ్ళు మూసుకునే. "ఏకాంబరం, ఈయన పేరు కొట్టెయ్."

"ఫలితం కోసం కాదండి. ఆ గూళ్ళు..."

"గూళ్ళ సంగతి నాకు తెలుసు. వెళ్ళు."

పీచయ్య తిరిగొచ్చి జరిగిందంతా గరికమ్మకు చెప్పాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ నవ్వింది. పది రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

"తెలుసన్నాడా? అయితే రేపు మనమూ వెళ్ళి చూద్దాం. మిగతావాళ్ళనీ, వాళ్ళ ఆడవాళ్ళనీ రమ్మను."

మర్నాడు పొద్దున పిచ్చుకలన్నీ తుమ్మచెట్టు మీద దిగాయి. జంబయ్య మడుగు ఒడ్డున నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. లలితాంబ ఒక పాట పాడింది. నిదానయ్య ప్రారంభోత్సవానికి ముందురోజే బయలుదేరాడు గనుక సమయానికి అందుకున్నాడు.

చింతాలమ్మ ముక్కున ఒక కోడి ఈక కరుచుకొచ్చింది. కొత్త ఇంట్లో పక్క పరవడానికి అది వాళ్ళ ఆచారం. దక్షిణం కొమ్మ మీది గూట్లోకి దూరి ఈకను కింద పెట్టింది. ఈక మెల్లగా తిరుగుతూ మడుగులో పడింది. ఎక్కడ పెట్టానా అని చింతాలమ్మ ఒక అడుగు పక్కకి వేసింది. ఒక కంతలోంచి లోపలికి వెళ్ళిన పిట్ట రెండో కంతలోంచి బయటికి వచ్చి, నీళ్ళకి జానెడు పైన రెక్కలు విప్పుకుంది.

"ఇదేం గూడయ్యా? అడుగేదీ?" అని ఒడ్డున వాలి అరిచింది. అప్పటికే మరో నాలుగు పిచ్చుకలు నాలుగు గూళ్ళలోంచి జారిపడ్డాయి.

జంబయ్య లలితాంబ వైపు తిరిగాడు. "మంచి గూడన్నావు!"

"నాకేం తెలుసు? నేను గుడ్డు పెట్టి వెళ్ళిపోయేదాన్ని. ఆ తర్వాత ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు."

ఏకాంబరం మెడ గిర్రున తిరిగింది. "ఎవరి గూట్లో?" అన్నాడు. లలితాంబ వినపడనట్టు మామిడితోపు వైపు ఎగిరిపోయింది.

అప్పుడు జంబయ్యకి రెల్లుపొదల మీద వాలి ఉన్న ఏడు జంటల గిజిగాళ్ళు కనబడ్డారు. వెంటనే గొంతు తేనె అయిపోయింది.

"పీచయ్యా! ఎక్కడికి పోయావు నాయనా, నీకోసమే చూస్తున్నాను. ఉద్యోగం నీదే. సెలెక్ట్ అయ్యావు. ఈ గూళ్ళు పూర్తిచేసి పెట్టు చాలు."

"సంతోషం అయ్యగారూ," అన్నాడు పీచయ్య నెమ్మదిగా. "కానీ సగం కట్టాక మా ఆడవాళ్ళు చూడాలి. వాళ్ళు ఒప్పుకోనిదే మేం ముందుకు పోం. మూడుసార్లు మీకు చెప్పబోయాను."

"అయితే చూడమను, తొందరగా!"

గరికమ్మ వచ్చి దక్షిణం కొమ్మ మీది గూట్లో పట్టె మీద కూర్చుంది. అటూ ఇటూ ఊగింది. ఒక ముడిని ముక్కుతో పట్టి లాగింది, రాలేదు. ఇంకొకటి లాగింది, అదీ రాలేదు. కాకి ముందు, కోయిల ముందు, నక్క ముందు నిలబడ్డప్పుడు పీచయ్యకి ఇంత భయం వేయలేదు. ఈ పిట్టకు మాత్రం ముడి అంటే ఏమిటో తెలుసు.

ఆవిడ కిందికి చూడకుండానే అంది. "ముడులు గట్టిగా ఉన్నాయి. కట్టు. నేను ఇక్కడే ఉంటాను."

పీచయ్యకి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళ తర్వాత ఒకరు పని చూసి, అక్కడికక్కడే మాట చెప్పారు.

"బాగుంది, బాగుంది," అన్నాడు జంబయ్య. "కట్టి పిచ్చుకలకి అప్పగించు."

"ఇది మా ఆవిడ ఒప్పుకున్న గూడండి. మేం ఇందులోనే ఉంటాం."

"ఎంత ధైర్యం! ఈ చెట్టు నాది!"

"కాదని ఎవరన్నారు? ఒకసారి పైకొచ్చి, మీ కొమ్మ ఏదో చూపించండి. దాన్ని వదిలేసి తక్కినవాటి మీద కట్టుకుంటాం."

జంబయ్య ముందుకాలు తుమ్మ మొదలు మీద పెట్టాడు. ముల్లు గుచ్చుకుంది. ఇంకో కాలు పెట్టాడు. దానికీ గుచ్చుకుంది. పైకి చూస్తే కొమ్మలన్నీ నీళ్ళ మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ చెట్టు ఎక్కాలని ఆయన ఎప్పుడూ ప్రయత్నించలేదన్న సంగతి అందరికీ ఒకేసారి అర్థమైంది. ముందుగా కిచకిచమన్నది చింతాలమ్మే.

"రెల్లు ముట్టుకోనివ్వను! గడ్డి ఎక్కడ దొరుకుతుందో చూస్తా!" అని జంబయ్య అరిచాడు.

"ఇన్నాళ్ళూ చెరకుతోట నుంచే తెచ్చుకున్నామండి," అన్నాడు తాటయ్య. "మీరే కదా అలవాటు చేశారు."

చింతాలమ్మ ఎగిరి పీచయ్య పక్క కొమ్మ మీద వాలింది. "తమ్ముడూ, ఈ గూడు ఎలా పూర్తవుతుందో కాస్త చెబుతావా? మాకు తెలియదు."

పీచయ్య చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఎవరూ ఆపలేదు. చింతాలమ్మ చివరిదాకా విని, మంచి ప్రశ్న ఒకటి అడిగింది కూడా. ఇరవయ్యొక్క గూళ్ళలో ఏడు గిజిగాళ్ళవి. మిగిలిన పద్నాలుగింటినీ పిచ్చుకమ్మలే పట్టెల మీద కూర్చుని, ముడులు లాగి ఒప్పుకున్నారు. గిజిగాళ్ళు వాటిని పూర్తిచేసి ఇచ్చారు. దానికి బదులుగా, గద్ద కనబడితే పిచ్చుకలు చెట్టంతటికీ వినపడేలా అరవాలి. అరవడం వాళ్ళకి పెద్ద పనేమీ కాదు.

ఆరుద్ర మొదటి వాన పడే రోజుకి గరికమ్మ మూడు గుడ్ల మీద వెచ్చగా కూర్చుని ఉంది. కింద జంబయ్య తడుస్తూ ఏకాంబరాన్ని పంపాడు.

"పీచయ్యగారూ, అయ్యగారు జీతం పెంచారు," అన్నాడు కాకి కొమ్మ చివర నిలబడి. "రెల్లు కూడా ఇస్తారట. మీ జవాబు ఏమిటో కనుక్కు రమ్మన్నారు."

పీచయ్య ముక్కులోని నారను జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

"తర్వాత చెబుతాం," అన్నాడు.

నీతి: చేసేవాడి మాట వినకుండా చేయించుకున్న పని సగంలోనే ఆగుతుంది.